ప్రజలకు సత్యము తెలుపుట రాజధర్మము

రాజధర్మములనగానే దుష్టశిక్షణము, శిష్టరక్షణము, న్యాయమైన పన్ను అనునవి స్మరణకు వచ్చును. వీనితో సమానమైన ధర్మము మరియొకటి కలదు. పాలకుడు తన ప్రజలకు ఉన్నదున్నట్లు తెలుపుటయే అది. శ్రీమద్రామాయణమందలి అయోధ్యాకాండను ఈ దృష్టితో పరిశీలించినచో, ఈ ధర్మము యొక్క స్వరూపమును, దానికి లోపము కలిగినప్పటి ఫలమును రెండును గోచరించును.

దశరథ మహారాజు శ్రీరాముని యువరాజుగా నిలుపదలచి, తానొక్కడే నిశ్చయించుకొనలేదు. సామంతులను, పౌరజానపదులను సభకు రప్పించెను. తన కోరికను వారి ముందుంచి, ఇంతకంటె హితమైనది వేరొకటి యున్నచో ఆలోచింపుడనెను. పక్షపాతము లేనివారి విచారణవలన మేలు అధికముగా కలుగునని కూడ పలికెను. సభ హర్షధ్వానములతో అంగీకరించినను ఆయన తృప్తి చెందక, నేను ధర్మముగా పాలించుచుండగా మీరు రాముని ఏల కోరుచున్నారని తిరిగి ప్రశ్నించెను. వారు రాముని గుణములను ఒక్కొక్కటిగా వివరించిరి. ప్రజల సమ్మతి కోరుటలో ఇంతకు మించిన మర్యాద ఎక్కడ నున్నది?

అయినను ఆ సభలో ఒక కొరత యున్నది. కైకేయీ వివాహ సమయమున ఆమె తండ్రికి దశరథుడు రాజ్యమును శుల్కముగా మాట యిచ్చియుండెను. ఈ విషయమును చిత్రకూటమున రాముడే భరతునకు తెలిపినాడు. సభలో ఆ మాట వెలువడినట్లు కథలో లేదు. కైకేయికి ఇచ్చిన రెండు వరముల ప్రసక్తియు అచట రాలేదు. త్వరచేత కేకయరాజును, జనకుని పిలువలేదు. పైగా, భరతుడు ఊర లేనప్పుడే అభిషేకము జరుగుట మంచిదని దశరథుడు రామునితో ఏకాంతమున చెప్పెను. అనగా సభ్యులను అడిగెనే గాని, అడుగుటకు ముందు తెలుపవలసినదంతయు తెలుపలేదు. తెలియక యిచ్చిన సమ్మతి ఎంత గట్టిగా పలికినను సగము సమ్మతియే.

దాని ఫలము ఒక్క రాత్రిలో పండినది. వీథులలంకరించి ఉత్సవమునకై వేచియున్న పురజనులకు తెల్లవారగానే వనవాసవార్త వచ్చినది. నిన్న జయజయ యన్న నోళ్లే నేడు రాజును నిందించినవి. సత్యసంధుడని లోకము కొనియాడిన మహారాజునకు తన నోట ఆ మాట చెప్పుటకే శక్తి లేకపోయినది. ఆయన హృదయము దుష్టము కాదు, పుత్రవాత్సల్యము. ఐనను దాచిన మాట దాచినవారి ఉద్దేశమును చూడదు.

శ్రీరాముడు చేసినదేమి? వనమునకు తాను పోవుచున్నాననియు, తండ్రి యాజ్ఞ యనియు, గడువు 14 సంవత్సరములనియు మరుగుపరచలేదు. వెంట వచ్చిన జనులతో, నాయందు చూపు ప్రీతినే భరతునియందును చూపుడని స్పష్టముగా చెప్పెను.

ఇచట రెండు సందేహములు కలుగవచ్చును. తమసాతీరమున ప్రజలు నిద్రించుచుండగా, రథమును ఉత్తరమునకు త్రిప్పి జాడ తెలియకుండ రాముడు వెడలిపోయెను గదా! ఇది మోసము కాదా యని మొదటిది. రాముడు మరుగుపరచినది దారిని మాత్రమే, విషయమును కాదు. వారు అడవిలో పడనున్న కష్టమును తప్పించుటకే గాని, తన లాభమునకు గాదు.

చిత్రకూటమున భరతుని కుశలమడుగుచు, నీ మంత్రాలోచన రాజ్యమంతట పొక్కుట లేదుగదాయని రాముడే ప్రశ్నించెను. కావున దాచుట ధర్మమే కాదా యని రెండవది. శత్రురాజులకు చిక్కకుండ ఆలోచనను రక్షించుట వేరు. ప్రజల బ్రతుకునకు సంబంధించినదానిని వారికే తెలియకుండ చేయుట వేరు. మొదటిది రాజ్యమును కాచును. రెండవది రాజును మాత్రమే కాచును, అదియు కొంతకాలమే.

సత్యము రెండు వైపుల నుండియు నడువవలెను. ఉత్తరకాండయందు రాముడు భద్రుని, ప్రజలేమనుకొనుచున్నారని అడిగెను. అతడు మొదట మంచిమాటలే చెప్పగా, మంచిచెడ్డలు రెండును దాచక చెప్పుమని ఆజ్ఞాపించెను. నిర్భయముగా చెప్పువాడు చెంత నున్నపుడే పాలకునకు లోకము తెలియును.

నేడు రాజులు లేరు. ప్రజలే తమ వోటుచేత పాలకులను నిలుపుచున్నారు. కావున ఎన్నికయే నేటి సభ. పాలకుల ప్రతి బహిరంగ కార్యమును తెలిసికొను హక్కు ఈ దేశప్రజలకు కలదని 1975లో సుప్రీంకోర్టు పలికినది. 2005లో సమాచారహక్కు చట్టము వచ్చినది. అడిగినవారికి 30 దినములలో, ప్రాణస్వేచ్ఛలకు సంబంధించినదైనచో 48 గంటలలో బదులీయవలెనని అది విధించినది. అడుగకముందే వీలైనంత తామే ప్రకటింపవలెననియు చెప్పినది. దేశరక్షణాది విషయములకు మినహాయింపు నిచ్చినది. పైన చెప్పిన వివేకమే ఇందును కానవచ్చును. ఐనను చట్టము కాగితమును ఇప్పింపగలదు. కపటము లేని మాటను ఇప్పింపజాలదు. అది పాలకుని శీలమునుండి రావలెను.

గృహస్థులమైన మనమును మన యింటికి పాలకులమే. అప్పును ఆలుబిడ్డలకు దాచి పెండ్లి ఘనముగా చేయువాడు, దశరథుని పొరపాటునే చిన్నదిగా చేయుచున్నాడు. అట్లే చేదునిజము చెప్పిన నాయకుని తిట్టి, తీపి మాటలవానికే వోటు వేయు ప్రజలకు తీపి మాటలే దక్కును.

తిరువారాధన వేళ శ్రీరామచంద్రుని సత్యవాక్యుడని సేవించుచున్నాము. ఆ స్వామి మన పాలకులకు చెప్పు ధైర్యమును, మనకు విను ఓర్పును అనుగ్రహించుగాక!