చిట్టెలుక ఉలికిపాటు

దీపావళినాడు వెనుకనుంచి టపాకాయ పేలితే ఉలిక్కిపడతాం. ఈ ఉలికిపాటుకూ ఒక మానసిక వ్యాధికీ సంబంధం ఉందంటే నమ్ముతారా?

ఆ వ్యాధి స్కిజోఫ్రీనియా. ఈ వ్యాధి ఉన్నవారికి ఎవరూ పలకకపోయినా మాటలు వినిపించవచ్చు. లేని శత్రువులు ఉన్నట్లు తోచవచ్చు. మా రుద్రవరం వంటి ఊళ్ళలో దీన్ని 'గాలి సోకడం' అనేవారు ఇంకా ఉన్నారు. ఇది గాలీ కాదు, దయ్యమూ కాదు. మెదడుకు సంబంధించిన జబ్బు. ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఎలుకను అడగడం ఎలా?

ఈ జబ్బును అర్థం చేసుకోవడానికి శాస్త్రజ్ఞులు జన్యువులు మార్చిన చిట్టెలుకలను పరీక్షిస్తారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయంలో కూడా అటువంటి ఎలుకలను తయారుచేసే విభాగం ఉంది. కాని 'నీకు మాటలు వినిపిస్తున్నాయా?' అని ఎలుకను అడగలేం కదా! అందుకే దాని ప్రవర్తనను కొలుస్తారు.

ఎలుకను చిన్న గొట్టంలో ఉంచి పెద్ద శబ్దం చేస్తారు. అది ఎంత గట్టిగా ఉలిక్కిపడిందో గొట్టం కింది పరికరం నమోదు చేస్తుంది. తర్వాత, పెద్ద శబ్దానికి సుమారు సెకనులో పదోవంతు ముందు ఒక చిన్న శబ్దం వినిపిస్తారు. ఈసారి ఉలికిపాటు తగ్గుతుంది. ఆలోచించి సిద్ధపడేంత వ్యవధి లేదు. మెదడే తనంతట తాను అదుపు చేస్తుంది. మనుషుల్లోనూ ఇంతే. స్కిజోఫ్రీనియా రోగుల్లో ఈ అదుపు బలహీనంగా ఉన్నట్లు 1978లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపారు.

స్కాట్లండులో ఒక కుటుంబంలో పలువురికి మానసిక వ్యాధులు ఉండేవి. వారిలో తెగిపోయి ఉన్న ఒక జన్యువుకు 2000లో 'డిస్క్-1' అని పేరు పెట్టారు. అదే జన్యువులో ఒక మార్పు ఉన్న ఎలుకల్లో ఉలికిపాటు సరిగా తగ్గలేదని 2007లో తేలింది. రోగులకిచ్చే మందులు ఇస్తే ఆ లోపం తగ్గింది.

తొందరపడి నిర్ణయించవద్దు

అయితే ఆ ఎలుకకు స్కిజోఫ్రీనియా వచ్చిందనవచ్చా? అనకూడదు. రోగంలోని కొన్ని లక్షణాలను పోలినవి మాత్రమే దానిలో కనబడ్డాయి. పైగా ఈ రోగానికి ఒక్క జన్యువే కారణం కాదు. 2022లో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధన, దీనితో సంబంధమున్న 287 చోట్లను మన జన్యుపదార్థంలో గుర్తించింది.

ఎలుక నమూనా మాత్రమే, బాధపడేది మనిషి. అటువంటివారు కనబడితే ఎగతాళి చేయకండి. వైద్యుని వద్దకు తీసుకువెళ్ళమని ఇంట్లోవారికి చెప్పండి. మందులతో చాలామంది కోలుకుంటారు.

ప్రశ్నలు
1. చిన్న శబ్దం ముందు వినిపిస్తే ఉలికిపాటు ఏమవుతుంది?
2. డిస్క్-1 ఎలుకను 'స్కిజోఫ్రీనియా రోగి' అని ఎందుకు అనకూడదు?