పిల్లల సినిమాకు సమీక్ష రాయడమెలా?

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు, స్నేహితులు హ్యారీ పోటర్ మీద అభిమానంతో చిన్న సినిమా తీశారు. స్కూలు పత్రికకు సమీక్ష రాయమంటున్నారు. మాటలే సరిగ్గా వినపడవు. ఉన్నదున్నట్టు రాయనా?

జవాబు: రాయండి. అయితే తప్పు పిల్లల గొంతుది కాకపోవచ్చు. కెమెరాగా వాడిన ఫోన్ దూరంగా ఉంటే మాటకన్నా ఫ్యాను హోరే ఎక్కువ పడుతుంది. ‘మాట్లాడేవాళ్ల చొక్కా జేబులో ఇంకో ఫోన్ పెట్టి రికార్డు చేయండి’ అని రాస్తే వాళ్లకు పనికొస్తుంది. మంత్రదండం మెరుపులు నాసిగా ఉన్నాయనకండి, వాళ్ల దగ్గర డబ్బెక్కడిది! అభిమానుల సినిమాలు తక్కువ ఖర్చులోనే తయారవుతాయి: 2009లో బ్రిటన్‌లోని ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ అభిమానులు ‘ద హంట్ ఫర్ గొల్లమ్’ అనే సినిమాను మూడు వేల పౌండ్ల లోపే తీశారు. కథ ఎక్కడ సాగిందో, ఏ సన్నివేశం కట్టిపడేసిందో చెప్పండి. పిల్లల రూపురేఖల జోలికి వెళ్లొద్దు.

టిక్కెట్టు పెట్టి ఆడిస్తామంటే మాత్రం ముందుగా కాపీరైట్ తెలిసిన లాయరును కలవండి. హ్యారీ పోటర్ పాత్రల హక్కులు వేరేవాళ్లవి.