రాత్రి వేళ నంబరు ప్లేటు కనిపించని డ్యాష్‌క్యామ్

ప్రశ్న: 4కె డ్యాష్‌క్యామ్ అమర్చినా రాత్రిపూట ఇతర వాహనాల నంబర్లు చదవడానికి వీలుకావడం లేదు. లోపం ఎక్కడుంది? కొత్తది కొనాలంటే ఏవేవి పోల్చాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: 4కె అనేది చిత్రంలోని చుక్కల, అంటే పిక్సెళ్ల సంఖ్య సుమారు 83 లక్షలని మాత్రమే తెలుపుతుంది, వాటికి అందే వెలుతురును నిర్ణయించేవి కాంతిని గ్రహించే చిప్ అయిన సెన్సర్, దాని ముందుండే లెన్స్. చీకట్లో ఒక్కో ఫ్రేము నమోదుకు సెకనులో 30వ వంతు పడితే, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా దాటే వాహనం ఆ వ్యవధిలోనే అర మీటరుకు పైగా జరుగుతుంది కనుక నంబరు అలికినట్లు పడుతుంది.

అందువల్ల పోల్చేటప్పుడు మొదట సెన్సర్ పేరు చూడాలి. సోనీ ఐఎంఎక్స్415, ఐఎంఎక్స్678 రెండూ 4కె సెన్సర్లే అయినా, పిక్సెల్ వెడల్పు మొదటిదానిలో 1.45 మైక్రాన్లు, రెండోదానిలో 2 మైక్రాన్లు కావడంతో మసక వెలుతురుకు రెండోదే అనువైనది. లెన్స్ ఎఫ్ సంఖ్య ఎంత తక్కువైతే అంత ఎక్కువ కాంతి లోపలికి వస్తుంది. ఎండలో నిలిపే కారుకు, వేడికి ఉబ్బే లిథియం బ్యాటరీ కన్నా, విద్యుత్తును కొద్దిసేపు నిల్వ ఉంచే సూపర్ కెపాసిటర్ గల కెమెరా మేలు. నిరంతర రికార్డింగుకు, పదేపదే రాసి చెరిపినా తట్టుకునే హై ఎండ్యూరెన్స్ మెమరీ కార్డే వాడాలి.

కొనే ముందు కారు అద్దాన్ని, లెన్స్‌ను శుభ్రంగా తుడిచి మరోసారి పరీక్షించడం అవసరం. లెన్స్ లోపల తేమ చేరినా, బ్యాటరీ ఉబ్బినా వాడకం వెంటనే ఆపి సర్వీస్ సెంటర్‌లో చూపించాలి. ఫ్యూజ్ బాక్సు నుంచి కరెంటు తీసుకునే పనిని అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి.