యంత్రానికి చెవులు

ధాన్యపు మిల్లులలో అనుభవజ్ఞులైన మేస్త్రీలను చూచినవారికి ఒక దృశ్యం జ్ఞాపకముండే ఉంటుంది. తిరుగుతున్న మోటారు బేరింగుపై పొడవాటి స్క్రూడ్రైవరు మొన మోపి, పిడిని చెవికి ఆనించి, "ఇది ఇక పది రోజులకు మించి నడవదు" అనేవారు. నేటి కర్మాగారాలలో ఆ చెవి చేసే పనిని సంవేదకాలు, అనగా సెన్సర్లు, చేస్తున్నవి.

ఇంతకూ మేస్త్రీకి వినిపించినదేమిటి? బేరింగు వెలుపలి వలయంలో చిన్న పగులు ఏర్పడిందనుకొందాము. ప్రతి గుండూ దానిమీదుగా దొర్లినప్పుడల్లా ఒక తాకిడి పుడుతుంది. ఇరుసు నిమిషానికి 1800 చుట్లు, అనగా సెకనుకు 30 చుట్లు తిరుగుతున్నది, గుండ్లు 9. ముప్పైని తొమ్మిదితో హెచ్చవేసి 270 తాకిడులనుకోరాదు. గుండ్ల వరుస ఇరుసుతో సమంగా తిరగదు. దాని వేగం ఇరుసు వేగంలో సుమారు పదింట నాలుగు వంతులే. కనుక సెకనుకు సుమారు 108 తాకిడులు. పగులు లోపలి వలయంలో ఉంటే సుమారు 162. కంపనాల గందరగోళం నుండి ఈ లయను గణితంతో వేరుచేస్తే పగులు ఉన్నదనే కాక, ఎక్కడున్నదో కూడ తెలుస్తుంది.

ఇంతవరకు ఇది వినికిడి మాత్రమే. వందలాది సంవేదకాలను నెట్‌వర్కుతో కలిపి, అవి చెప్పినదానిని బట్టి కంప్యూటరే మోటారు వేగం తగ్గించి, కవాటాలు మూసే ఏర్పాటును సైబర్ ఫిజికల్ వ్యవస్థ అంటారు. ఈ పేరును 2006 ప్రాంతంలో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషనులో హెలెన్ గిల్ ప్రవేశపెట్టారు. సైబర్ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి చుక్కాని పట్టేవాడని అర్థం. చక్కగా అమరిన పేరు.

చుక్కాని పట్టినవానికి ఎవరైనా తప్పుదారి చెబితే? 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే కంప్యూటరు పురుగు ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం కర్మాగారాన్ని గురిపెట్టింది. అందులోని ఒక భాగం సంవేదకాల మామూలు విలువలను 21 సెకనులు నమోదు చేసుకొని, తాను కవాటాలు మూసి పీడనం పెంచుతున్నంతసేపూ వాటినే మరల మరల చూపేటట్లు రూపొందించబడినదని రాల్ఫ్ లాంగ్నర్ 2013లో వివరించారు. పర్యవేక్షకుల తెరపై అంతా క్షేమమే!

2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోకెమికల్ కర్మాగారంలో ఏకంగా ప్రమాదనివారణ నియంత్రకాలలోనికే చొరబడ్డారు. చొరబాటుదారుల పొరపాటువలన కర్మాగారం తనంత తానే ఆగిపోయి, గుట్టు బయటపడింది. గల్ఫ్ దేశాలలో ఇటువంటి చోట్ల పనిచేసే తెలుగువారెందరో ఉన్నారు గనుక ఇది మనకు దూరపు వార్త కాదు.

అందుచేత ప్రమాదనివారణ వ్యవస్థను సాధారణ నెట్‌వర్కు నుండి వేరుగా ఉంచవలెనని నిపుణులు పట్టుబడతారు. ముఖ్యమైన కొలతకు వేరే తీగపై రెండవ సంవేదకం పెడతారు. నా దృష్టిలో వీటన్నిటికన్న నమ్మదగినది పాత స్ప్రింగు కవాటమే. పీడనం హద్దు మీరితే అది తెరుచుకొంటుంది. అందుకు ఏ కంప్యూటరు అనుమతీ దానికి అక్కరలేదు.