మెదడు కూడా ఊఁ కొడుతుంది

రాత్రి అన్నాలయ్యాయి. అవ్వ వాకిట్లో నులకమంచం వాల్చింది. మనవరాలు పక్కన చేరింది.

"కథ చెప్పవ్వా."

"చెప్తా గానీ, నువ్వు ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టడం ఆపితే నేను కథ ఆపేస్తా."

అనగనగా ఒక ఊరు. ఊఁ. ఆ ఊళ్ళో పేదరాశి పెద్దమ్మ. ఊఁ. ఒక వానాకాలం అర్ధరాత్రి ఎవరో ఆమె తలుపు కొట్టారు. ఊఁ... ఎవరవ్వా?

"మిగతాది రేపు. నాకు నిద్రొస్తోంది" అని అవ్వ అటు తిరిగి పడుకుంది.

పిల్లకి నిద్ర పట్టలేదు. తలుపు కొట్టింది దొంగా? రాజకుమారుడా? తెల్లారగానే ముఖం కూడా కడగకుండా అవ్వ దగ్గరికి పరిగెత్తింది. అదే పిల్లకి నిన్న బడిలో నేర్పిన ఎక్కం మాత్రం గుర్తు లేదు.

ఎందుకిలా? కథకి ఉన్న బలం ఎక్కడిది? మనసు ఎలా పనిచేస్తుందో తెలుసుకునే చదువు ఒకటి ఉంది. దాన్ని మనస్తత్వ శాస్త్రం అంటారు. ఆ చదువు చదివినవాళ్ళు ఈ ప్రశ్నను పరీక్షలు పెట్టి చూశారు.

సగంలో ఆగిన పని మనసును లాగుతుంది. జర్మనీ దేశంలో బెర్లిన్ నగరం ఉంది. అక్కడ బ్లూమా జైగార్నిక్ అనే ఆమె కొంతమందికి పూసలు గుచ్చడం లాంటి చిన్న పనులు ఇచ్చింది. కొన్ని పూర్తి చేయనిచ్చింది. కొన్ని మధ్యలో ఆపించింది. ఆగిపోయిన పనులే వాళ్ళకి ఎక్కువగా గుర్తున్నాయని 1927లో రాసింది. తర్వాత వేరేవాళ్ళు చేసి చూస్తే అన్నిసార్లూ అలా రాలేదు. కానీ ఆమెతో చదివిన మరియా ఒవ్సియాంకినా 1928లో ఇంకో సంగతి రాసింది. మధ్యలో ఆపిన పనిని, ఎవరూ చెప్పకపోయినా, మనిషి మళ్ళీ అందుకోబోతాడు. ఇది మాత్రం ఎవరు చేసి చూసినా చాలావరకు నిజమే అని తేలింది. సగం కట్టిన పూలదండ ఒళ్ళో ఉంటే చేతులు ఊరుకుంటాయా?

టీవీ సీరియళ్ళు తీసేవాళ్ళకి ఈ కిటుకు బాగా తెలుసు. తలుపు తెరుచుకుంటుంది. వచ్చింది ఎవరో చూపించరు. రేపటికి ఆపేస్తారు. అవ్వ ఏ చదువూ చదవకుండానే ఆ పని చేసింది!

ఇక ఊఁ కొట్టడం సంగతి. కథ వినేవాళ్ళు ఊఁ కొట్టాలని అవ్వ ఎందుకంది? పిల్ల నిద్రపోయిందా, వింటోందా తెలుసుకోవడానికి. కానీ నోరే కాదు, లోపల మెదడు కూడా ఊఁ కొడుతుంది.

ఇప్పుడు కొన్ని స్కానింగ్ యంత్రాలు వచ్చాయి. తల కోయకుండా, మెదడు పనిచేస్తుండగానే లోపల చూడవచ్చు. మెదడులో ఏ చోట పని ఎక్కువైతే ఆ చోటికి నెత్తురు ఎక్కువగా వెళుతుంది. యంత్రం ఆ తేడాను పట్టుకుంటుంది. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఉరీ హాసన్, ఆయనతో పనిచేసేవాళ్ళు ఈ యంత్రంతో ఒక పరీక్ష చేశారు. ఒకామె ఆ యంత్రంలో పడుకొని తన జీవితంలో జరిగిన ఒక సంగతి చెప్పింది. ఆమె మాటలు రికార్డు చేశారు. తర్వాత వేరేవాళ్ళను యంత్రంలో పడుకోబెట్టి ఆ మాటలు వినిపించారు.

చెప్పేటప్పుడు ఆమె మెదడు ఎలా పనిచేసిందో, వినేటప్పుడు వాళ్ళ మెదళ్ళూ చాలా చోట్ల అలాగే పనిచేశాయి. కొద్ది క్షణాలు వెనక, అంతే. అమ్మ వెనక పిల్ల నడిచినట్టు. ఇంకో వింత కూడా కనిపించింది. కొన్ని చోట్ల వినేవాళ్ళ మెదడు ఆమె కంటే ముందే నడిచింది. అంటే రాబోయేది ఊహిస్తోంది. అలా ముందుకు నడిచినవాళ్ళకే కథ బాగా అర్థమైంది. రష్యా భాషలో చెప్పిన కథను ఆ భాష రానివాళ్ళకి వినిపిస్తే మాత్రం ఈ కలయిక కనిపించలేదు. చెవిలో శబ్దం పడితే చాలదు, అర్థం కావాలి. ఈ పరీక్ష ఫలితం 2010లో అచ్చయింది.

అర్థం కాని భాషలో గంటసేపు ఉపన్యాసం విని ఆవులించినవాళ్ళు, తప్పు తమదే అనుకోనక్కరలేదు.

కథలో పెట్టిన మాట గుర్తుంటుంది కూడా. 1969లో అమెరికాలో గోర్డన్ బోవర్, మైకల్ క్లార్క్ అనేవాళ్ళు కొందరు విద్యార్థులకు మాటలు నేర్చుకోమని ఇచ్చారు. పదేసి మాటలు, 12 సార్లు. మొత్తం 120. సగం మందికి, ప్రతిసారీ ఇచ్చిన పది మాటలూ కలిపి ఏదో ఒక కథ అల్లుకోమన్నారు. మిగతావాళ్ళకి ఆ ఉపాయం చెప్పలేదు. చివర్లో అన్నీ అడిగితే, కథ అల్లుకున్నవాళ్ళు నూటికి 93 మాటలు చెప్పగలిగారు. మిగతావాళ్ళు నూటికి 13 మాత్రమే. కొత్తగా చదువు నేర్చేవాళ్ళకి ఇది పనికొచ్చే సంగతి. పలక, పాలు, పలుగు, పొలం అని విడివిడిగా వల్లెవేస్తే తెల్లారేసరికి మరిచిపోతాం. పలుగు పట్టుకొని పొలం వెళ్ళిన అమ్మ, పాలు తాగి పలక పట్టిన పాప అనుకుంటే నాలుగూ నిలుస్తాయి.

కథ అంటే పిల్లలను నిద్రపుచ్చేదే అనుకుంటారు కొందరు. నిద్రలేపే కథలూ ఉన్నాయి.

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో దూబగుంట అనే ఊరు ఉంది. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో సాక్షరతా ఉద్యమం నడిచింది. పగలు కూలికి వెళ్ళిన ఆడవాళ్ళు రాత్రి బడికి వచ్చి అక్షరాలు దిద్దారు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుడు వల్ల కష్టాలపాలైన ఆడమనిషి కథ అది. తాగుడు చెడ్డదని ఆ ఊళ్ళో ఎవరికి తెలీదు? కూలి డబ్బు సారా కొట్టుకి పోవడం రోజూ చూసేదే. కానీ ఎవరి ఇంటి బాధ వాళ్ళ ఇంట్లోనే ఉండేది. ఇది నా ఖర్మ అని ఒక్కొక్కరూ అనుకున్నారు. పాఠంలో సీతమ్మను చూశాక, ఇది నా ఒక్కదాని కథ కాదు అనిపించింది. పక్కన కూర్చున్నామె కథా ఇదే.

దూబగుంట ఆడవాళ్ళు కదిలారు. తమ ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. వాళ్ళలో ముందు నిలిచిన రోశమ్మకు దూబగుంట రోశమ్మ అనే పేరు పడింది. వాళ్ళు చేసిన పనే తర్వాత 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమైంది. అది చదివి వేరే ఊళ్ళ ఆడవాళ్ళు లేచారు. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995లో మద్యం మొత్తాన్నీ నిషేధించారు. 1997లో ఆ మద్య నిషేధాన్ని సడలించారు.

ఇదంతా కథ ఒక్కటే చేసిందనడం తప్పు. కష్టం వాళ్ళది, తెగువ వాళ్ళది. రాత్రి బడి వాళ్ళను ఒక చోట కూర్చోబెట్టింది. విడివిడిగా ఉన్న కోపాన్ని కథ ఒక దారానికి గుచ్చింది.

అయితే ఇదే దారంతో మోసమూ చేయవచ్చు. కథలో మునిగినప్పుడు మనసు ఎదురు ప్రశ్న వేయదు. మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ అనే పరిశోధకులు 2000లో ఇది చూపించారు. ఒక కథ ఇచ్చి, నమ్మశక్యం కాని మాటలు ఉంటే గుర్తు పెట్టమన్నారు. కథలో బాగా లీనమైనవాళ్ళు తక్కువ తప్పులు పట్టారు.

ఒక ఊరికి సంచీ తగిలించుకొని ఒకాయన వచ్చాడనుకోండి. అరుగు మీద కూర్చొని చల్లగా కథ మొదలుపెడతాడు. "పాపం, ఒకామె. మొగుడు పోయాడు. ఇద్దరు పిల్లలు. పుస్తెలు అమ్మి మా కంపెనీలో డబ్బు కట్టింది. ఏడాదికి రెట్టింపయింది. ఇప్పుడు మిద్దె ఇల్లు కట్టుకుంది." వింటున్నవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఒకరు కొంగుముడి కూడా విప్పుతారు.

అప్పుడు వెనక కూర్చున్న పెద్దామె అడుగుతుంది. "బాగుంది నాయనా. ఆమెది ఏ ఊరు? పేరేంటి? మేం నలుగురం బస్సెక్కి వెళ్ళి చూసొస్తాం. మీ కంపెనీ కాగితం ఏదీ, ఇటివ్వు. మా కోడలు చదువుతుంది."

సంచీ ఆయన గడియారం చూసుకుంటాడు.

మాట్లాడుకోండి: మీరు విన్న కథల్లో ఏది మరిచిపోలేదు? అందులో మీ ఇంటి సంగతి ఏముంది? ఒక కథ విని మోసపోయినవాళ్ళు మీ ఊళ్ళో ఉన్నారా? వాళ్ళు ఏ ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది?