అలల నడక - తీరగ్రామముల జాగ్రత్త

చెరువులో రాయి వేసినపుడు వలయములు ఒడ్డువరకు వ్యాపించుట అందరు ఎరిగినదే. రాయి పడినచోటి నీరే ఒడ్డునకు వచ్చుచున్నదని పలువురు తలంతురు. అది నిజము కాదు. నీటిపై తేలుచున్న ఆకును గమనింపుడు. అల వచ్చినపుడది పైకి లేచును; అల దాటగానే దిగి ఇంచుమించు తనచోటనే నిలుచును. ముందునకు సాగునది నీరు కాదు, నీటి కదలికయు దానిలోని శక్తియు మాత్రమే. ఇట్టి అలను పురోగామి తరంగమందురు.

దీనిని ఇంటివద్దనే పరీక్షింపవచ్చును. పొడవైన చేదత్రాటి కొనను చెట్టునకు కట్టి, నడుమ ఎఱ్ఱని గుడ్డపీలికను ముడివేయుడు. రెండవ కొనను పట్టి ఒకసారి విదిలించినచో, ఒక వంపు త్రాటివెంట చెట్టువరకు పరుగెత్తును. పీలిక మాత్రము లేచి దిగునేగాని చెట్టును చేరదు. త్రాటిని బిగించి మరల చేసినచో వంపు మరింత వేగముగ పోవును. కావున అల వేగము, అది నడచు పదార్థము స్థితిని బట్టి యుండును.

అల తలను శృంగమనియు, పల్లమును ద్రోణియనియు అందురు. రెండు శృంగముల నడుమ దూరము తరంగదైర్ఘ్యము. అది 6 మీటర్లుండి, 2 సెకనులకొక శృంగము దాటినచో, అల వేగము సెకనుకు 3 మీటర్లు.

ఈ పాఠము తీరగ్రామములకు ప్రాణావసరము. సముద్రగర్భమున భూకంపము కలిగినపుడు పుట్టు సునామీ కూడ ఇట్టి తరంగమే. దాని తరంగదైర్ఘ్యము వందల కిలోమీటర్లుండవచ్చును. దాని వేగము సముద్రపు లోతును బట్టి యుండును. 4,000 మీటర్ల లోతున గంటకు 700 కిలోమీటర్లకు పైగా పోవు అల, 10 మీటర్ల లోతున సుమారు 36 కిలోమీటర్ల వేగముతోనే నడచును. సంతకు పోవు బండ్లలో ముందుబండి నెమ్మదించిన వెనుకవి దగ్గరపడునట్లు, అల వెనుకభాగము ముందుభాగమును సమీపించును. శక్తి కొద్దిచోట కూడుటచే అల ఎత్తు పెరుగును. నడిసముద్రమున ఓడలోనివారికి తెలియని అల, తీరమున గోడవలె లేచుట ఇందువలననే. అచ్చట నీరే ఊరిమీదికి దుముకును.

2004 డిసెంబరు 26న ఉదయము సుమారు 6 గంటల 29 నిమిషములకు సుమత్రా సమీపమున భూకంపము కలిగెను. అలలు మన తూర్పుతీరమును చేరుటకు రెండు గంటలకు పైగా పట్టెను. ఆ వ్యవధి జనులు మెరకకు నడచి పోవుటకు చాలును. కాని ఆనాడు హిందూ మహాసముద్రమున హెచ్చరిక వ్యవస్థ లేకుండెను. ఆంధ్రతీరమున నూరుమందికి పైగా మరణించిరి. 2007లో హైదరాబాదున సునామీ హెచ్చరిక కేంద్రము నెలకొల్పబడినది. అచ్చటి హెచ్చరికను ప్రతి గుడిసెకు చేర్చుటలో పంచాయతీకి పెద్ద బాధ్యత కలదు.

సభ్యులు ఈ విషయములను ప్రజలకు బోధింపవలెను. ద్రోణి ముందుగా తీరమును చేరినచో సముద్రము వెనుకకు పోవును. బయటపడిన చేపలకొరకు పోరాదు. వెంటనే మెరకకు పోవలెను. ప్రతిసారియు సముద్రము వెనుకకు పోవునని నమ్మరాదు. తీరమున భూమి గట్టిగా, చాలసేపు కంపించినచో కబురుకొరకు ఆగరాదు. ఒక శృంగమునకును మరొకదానికిని నడుమ గంటవరకు పట్టవచ్చును. మొదటి అలయే పెద్దదని చెప్పుటకు వీలులేదు. కావున అధికారులు ప్రకటించువరకు ఎవ్వరును తిరిగి రారాదు. లోతునీటనున్న పడవలు రేవునకు రాక అచ్చటనే యుండుట మేలు.

ఒడిశాలోని వెంకట్రాయిపూర్, నోలియాసాహి గ్రామములు ఇట్టి సంసిద్ధతకు 2020లో యునెస్కో గుర్తింపు పొందినవి. మెరకకు పోవు దారిని గుర్తించి, వృద్ధులను, పిల్లలను ఎవరు తోడ్కొనిపోవలెనో ముందే నిర్ణయించి, ఏటేట అభ్యాసము చేయించుట ప్రతి తీరపంచాయతీకి సాధ్యమైన పనియే. అలను ఆపజాలము; అది వచ్చులోపల లభించు వ్యవధిని మాత్రము వృథా చేయరాదు.