విజయమునకు శోభ కృతజ్ఞత

భాగ్యనగరమునుండి పడమరగా మొయినాబాదు మీదుగా చేవెళ్లకు పోవు దారి మర్రిచెట్లకు ప్రసిద్ధి. ఆ మొయినాబాదు మండలమున, ఉస్మాన్‌సాగరమునకు చేరువనున్న చిలుకూరు గ్రామమున శ్రీదేవీ భూదేవీ సమేతుడై శ్రీ వేంకటేశ్వరస్వామి కొలువుదీరి యున్నాడు. ఈ యాలయమున హుండీ లేదు. దర్శనమునకు రుసుము లేదు. కలవారికిని లేనివారికిని ఒకటే వరుస. పరీక్షలు వ్రాయనున్న విద్యార్థులును, పైచదువులకై విదేశములకు పోగోరు యువతీయువకులును ఇచ్చటికి విశేషముగా వచ్చుచుందురు. కనుకనే స్వామికి 'వీసా బాలాజీ' అను పేరు జనవ్యవహారమున స్థిరపడినది.

కోరిక విన్నవించుకొనునపుడు 11 ప్రదక్షిణములు, అది నెరవేరిన పిమ్మట 108 ప్రదక్షిణములు చేయుట ఇచ్చటి ఆచారము. ఇందొక పాఠమున్నది. అడుగునప్పటి శ్రమకంటె అందుకొన్న పిమ్మటి శ్రమ దాదాపు పదింతలు. లోకములో తరచుగా దీనికి విరుద్ధము జరుగుచుండును. పరీక్షకు ముందు నూరు మ్రొక్కులు. ఫలితము వచ్చిన మరునాడు దైవమును, గురువును మరచుట! పాఠశాలలలో వార్షికోత్సవములు జరిగి, బాలబాలికలు పాడి, ఆడి, బహుమతులందుకొను వేళ పెద్దలు తలచుకొనవలసిన విషయమిదియే: ఈ సంతోషమును ఏ రీతిగా జరుపుకొనవలెను?

శ్రీ రామానుజులవారి చరిత్రము దీనికి ఉత్తరము చెప్పుచున్నది. మంత్రార్థము నుపదేశింపుడని వారు తిరుక్కోట్టియూరు నంబిగారి సన్నిధికి 18 మారులు కాలినడకన పోయిరని గురుపరంపర తెలుపుచున్నది. రిక్తహస్తములతో తిరిగివచ్చిన ప్రయాణములు 17, ఫలించినది ఒక్కటి. ఆ ఒక్కటి ఫలించిన పిమ్మట వారేమి చేసిరి? గోపురమెక్కి, తమకు లభించిన దానిని అందరికిని ఎలుగెత్తి పంచిపెట్టిరి. తనకు దక్కినదానిని పదిమందికి పంచుటయే విజయోత్సవమని దీని భావము.

మన కాలపు నిదర్శనములును కలవు. 1930లో జన్మించిన మంగళంపల్లి మురళీకృష్ణ, త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారివద్ద శుశ్రూష చేసి, ఎనిమిదేండ్ల ప్రాయముననే విజయవాడలో కచేరీ చేసెను. హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు ముచ్చటపడి ఆ పేరునకు ముందు 'బాల' అని చేర్చిరి. 2016లో, ఎనుబదియారేండ్ల వయస్సున పరమపదించు వరకును ఆయన బాలమురళియే. ఎంత ఎదిగినను సరస్వతి సన్నిధిలో బాలుడనే యని ఆ నామము గుర్తుచేయుచుండెను గదా!

2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ పదునాలుగేండ్లైనను నిండకుండగనే ఎవరెస్టు శిఖరము నధిరోహించెను. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్‌కుమార్ కూడ ఆ యాత్రలో శిఖరము చేరెను. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకులముల విద్యార్థులు. ఆ శిఖరముపై నిలిచినవి వారి పాదములే. కాని వెనుక పాఠశాల, శిక్షకులు, దారి చూపిన షెర్పాలు ఉన్నారు. ఒంటరిగా గెలిచినవా డెవ్వడును లేడు. 'నేను చేసితిని, ఇది నాది, ఫలము నాకే' అను మూడు భావములను విడుచుటనే మన యాచార్యులు సాత్త్విక త్యాగమనిరి.

విజయమును ఎరిగిన గృహము అపజయమును కూడ ఎరిగి యుండవలెను. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. మార్కుల పట్టిక చూచి బిడ్డపై ప్రేమను తూచరాదు. రామానుజులవంటి మహనీయుడే 17 మారులు వట్టిచేతులతో మరలి రాగా, ఒక్క పరీక్ష తప్పిన పసివానికి అన్ని ద్వారములును మూసికొనిపోయినవని యెట్లనగలము? "పదవమ్మా, మరల 11 ప్రదక్షిణములు చేయుదము" అని చేయి పట్టుకొని నడిపించు తల్లిదండ్రులే బిడ్డకు తొలి గోపురము.

కావున ఇంటి బిడ్డకు బహుమతి వచ్చిననాడు మొదట గురువునకు నమస్కరింపజేయుడు. దానిని స్వామి పాదముల చెంత నుంచి, తరువాత గోడకు తగిలింపుడు. నేర్చిన పాటయో, లెక్కయో తనకంటె చిన్నవారి కొకరికి నేర్పుమని చెప్పుడు. అవియే ఇంటనుండి చేయదగిన 108 ప్రదక్షిణములు.

చేవెళ్ల దారి మర్రి ఊడలు పైనుండి దిగివచ్చి నేల తాకి, తమ్ము కన్న మానునకే ఊతమగుచున్నవి. ఎదిగిన బిడ్డ తన బడికి, తన యూరికి అట్లు ఊతమైననాడే ఆ విజయము పండినట్లు.